బిగింపుకో లెక్క

బచ్చన్నపేటలో ఏ మెకానిక్ షాపు ముందు కాసేపు నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది: "అన్నా, జర గట్టిగ బిగియ్యి, మళ్ల ఊడద్దు." మెకానిక్ పానాను రెండు చేతులా పట్టి చివరగా ఒక గుంజు గుంజుతాడు. బండి యజమానికి నమ్మకం కుదురుతుంది. మెకానిక్‌కు పని అయిందన్న తృప్తి కలుగుతుంది. ఏళ్ల తరబడి ఈ పద్ధతే నడిచింది. అప్పటి ఇంజిన్లు ఎక్కువగా పోత ఇనుమువి, బోల్టులు లావుగా ఉండేవి. కాస్త ఎక్కువ బిగించినా ఓర్చుకునేవి. ఇప్పటి ఇంజిన్‌కు ఆ చివరి గుంజే ముప్పు తెస్తోంది. ఎందుకో ఈ అధ్యాయంలో లెక్క కట్టి చూద్దాం.

బండి మారింది

పాత వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న విడివడిన జనగామ జిల్లాలో బచ్చన్నపేట ఒక మండల కేంద్రం. వానలు తక్కువ, చెలకలు ఎక్కువ. చెరువు నిండకపోతే బోరే దిక్కు. ఇలాంటి చోట ట్రాక్టరు, మోటారుసైకిలు ఒక్కరోజు మూలనపడ్డా సేద్యం ఆగుతుంది.

ఆ బండ్ల లోపల కొద్ది ఏళ్లలోనే పెద్ద మార్పు వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి. వాటితో చాలా కొత్త మోటారుసైకిళ్లలో కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 నిబంధనలు వర్తించాయి. వాటిలో డీజిల్ ఎంత, ఎప్పుడు చిమ్మాలో నిర్ణయించే పని ఈసీయూ అనే చిన్న కంప్యూటరు చేతికి వెళ్లింది. ఆ కంప్యూటరుకు కళ్లూ చెవులూ సెన్సర్లే. క్రాంక్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఇంజిన్ ఎంత వేడెక్కింది, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది అన్నవన్నీ అవి చెబితేనే దానికి తెలుస్తాయి.

ఈ సెన్సర్లను ఇంజిన్‌కు పట్టి ఉంచేది ఒకటో రెండో చిన్న బోల్టులు, లేదా సెన్సరు ఒంటిమీదే ఉన్న మరలు. ఆ మరను ఎంత బిగించాలో కంపెనీ ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె పేరే టార్క్.

బోల్టు లోపల జరిగేది

టార్క్ అంటే తిప్పే బలాన్ని పానా పొడవుతో గుణిస్తే వచ్చేది. కొలమానం న్యూటన్ మీటరు. ఒక మీటరు పొడవున్న కడ్డీ చివర కిలో బరువు వేలాడదీస్తే మొదట్లో పడే టార్క్ సుమారు 9.8 న్యూటన్ మీటర్లు. 20 సెంటీమీటర్ల పానా చివర 5 కిలోల బలంతో లాగినా దాదాపు అంతే, 10 న్యూటన్ మీటర్లు.

బోల్టును తిప్పుతూ పోతే ఏం జరుగుతుంది? తల ఆనేదాకా అది ఊరికే లోపలికి దిగుతుంది. తల ఆనిన తర్వాత తిప్పే ప్రతి డిగ్రీకీ బోల్టు కాడ సాగుతుంది. సాగిన ఉక్కు మళ్లీ వెనక్కి కుంచించుకోవాలని చూస్తుంది. ఆ వెనక్కి లాగే బలమే రెండు భాగాలను ఒకదానికొకటి అదిమి పడుతుంది. సాగుదల ఎంతో లాగే బలం అంత అని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. బిగించిన ప్రతి బోల్టూ సాగదీసి ఉంచిన ఒక ఉక్కు స్ప్రింగే.

ఎంత సాగుతుంది? ఇంజిన్లలో విరివిగా వాడే ఎం8 బోల్టును, అంటే 8 మిల్లీమీటర్ల మందం ఉన్నదాన్ని తీసుకుందాం. దాని తల మీద 8.8 అని అచ్చు ఉంటుంది. ఆ ఉక్కు చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దాకా తెగకుండా ఆగుతుందని, అందులో 80 శాతం దగ్గర శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుందని ఆ రెండు అంకెల అర్థం. ఈ బోల్టును 25 న్యూటన్ మీటర్లకు బిగిస్తే, తల నుంచి మర దాకా 5 సెంటీమీటర్లున్న కాడ సాగేది మిల్లీమీటరులో పదో వంతు. ఒక కాగితం మందమంత. ఆ కాగితం మందం సాగుదలకు పుట్టే అదుముడు బలం సుమారు 16 క్వింటాళ్లు. నాలుగు బోల్టులుంటే 64 క్వింటాళ్లు. పేలుడు ఒత్తిడికి సిలిండర్ హెడ్ లేవకుండా నిలబడేది ఈ బలంతోనే.

అంటే మెకానిక్ పానాతో చేస్తున్న అసలు పని కాడను కాగితం మందం సాగదీయడం. దాన్ని కంటితో చూడలేడు, చేత్తో తడిమి తెలుసుకోలేడు. పానాకు తగిలే బిగువును బట్టి ఊహించాల్సిందే. చిక్కంతా ఆ ఊహలోనే ఉంది.

చేతి బలమంతా ఎటు పోతోంది?

పానా మీద పెట్టిన శ్రమలో బోల్టును సాగదీయడానికి అక్కరకొచ్చేది దాదాపు పదో వంతే. సగం శ్రమ బోల్టు తల కింద రాపిడికి ఖర్చవుతుంది. నలభై శాతం మరల మధ్య రాపిడికి పోతుంది. తొంభై పాళ్లు రాపిడే మింగేస్తున్నప్పుడు ఆ రాపిడి కాస్త అటూఇటూ అయితే మిగిలే పది పాళ్లు తలకిందులవుతాయి.

10 నంబరు పానా పట్టే ఎం6 బోల్టు మీద లెక్క వేద్దాం. సెన్సర్లకు ఎక్కువగా ఉండేది ఇదే. పొడిగా, శుభ్రంగా ఉన్న మరల్లో దీన్ని 10 న్యూటన్ మీటర్లకు బిగిస్తే అదుముడు బలం సుమారు ఎనిమిదిన్నర క్వింటాళ్లు వస్తుంది. అదే బోల్టు మర తుప్పు పట్టి, చెలక దుమ్ము చేరి ఉంటే అదే 10 న్యూటన్ మీటర్లకు వచ్చేది ఆరు క్వింటాళ్లకు లోపే. పానాకు మాత్రం గట్టిగానే తగులుతుంది. ఇక మరకు ఇంజిన్ ఆయిల్ రాసి బిగిస్తే? బలం పన్నెండు క్వింటాళ్లకు చేరుతుంది. ఈ బోల్టు శాశ్వతంగా సాగకుండా మోయగలదని ప్రమాణాలు హామీ ఇచ్చే బరువు సుమారు 11.8 క్వింటాళ్లు. పానా మీద చూపిన బలం మారలేదు, అయినా బోల్టు హద్దు దాటింది.

అందుకే కంపెనీ ఇచ్చే అంకె పక్కన మర పొడిగా ఉండాలా, నూనె రాయాలా అన్నది కూడా రాసి ఉంటుంది. ఏమీ రాయకపోతే శుభ్రంగా, పొడిగా బిగించడమే మంచిది. బిగించే ముందు మరను బ్రష్‌తో రుద్ది, బోల్టు దిగే గుంతలోని దుమ్మును, నూనెను తీసేయాలి. గుంత అడుగున నూనె నిలిచి ఉంటే బోల్టు దిగేకొద్దీ అది ఎటూ పోలేక, అల్యూమినియం గోడనే పగలగొట్టవచ్చు.

హద్దు దాటిన ఉక్కు

జనగామ పక్కనే ఉన్న పెంబర్తిలో ఇత్తడి రేకు మీద సుత్తితో కొట్టి బొమ్మలు తీర్చుతారు. దెబ్బ తగిలిన చోట రేకు ఒంగిన రూపంలోనే ఉండిపోతుంది, మళ్లీ చదునుగా లేవదు. లోహానికి ఉన్న ఈ గుణమే అక్కడ కళ అయింది. బోల్టులో అదే గుణం బయటపడితే చేటు. హద్దులోపల సాగిన బోల్టు వదిలేస్తే పాత పొడవుకు వస్తుంది. హద్దు దాటితే సాగినంత సాగి అలాగే ఉండిపోతుంది, మెడ దగ్గర సన్నబడుతుంది. అప్పుడు మెకానిక్ చేతికి ఒక గుర్తు తెలుస్తుంది: పానా తిరుగుతూనే ఉంటుంది, బిగువు మాత్రం పెరగదు. ఇంకో పావు తిప్పు తిప్పితే టప్పున విరుగుతుంది.

ఎం6 బోల్టు విరగడానికి 20 న్యూటన్ మీటర్లు చాలు. 20 సెంటీమీటర్ల పానా చివర పది కిలోల గుంజుతో సమానం. బియ్యం బస్తా భుజాన వేసుకునే మనిషికి అదొక లెక్కా! దానికి తోడు పానాకు పైపు తొడిగితే బలం రెండింతలు, మూడింతలు అవుతుంది.

చాలాసార్లు బోల్టు కంటే ముందు మర పోతుంది. ఇప్పటి సిలిండర్ హెడ్లు, ఇంజిన్ మూతలు అల్యూమినియంవి. ఉక్కు మర మెత్తటి అల్యూమినియం మరను చీల్చుకుంటూ పోతుంది. బోల్టు బయటికి తీస్తే దాని పళ్ల మధ్య వెండి రంగు తీగ చుట్టుకుని వస్తుంది. ఆ తీగ ఇంజిన్ మరే. తర్వాత రంధ్రాన్ని పెద్దది చేసి, కొత్త మర కోసి, ఉక్కు తీగచుట్టను కూర్చోబెట్టడం తప్ప దారి లేదు. చిన్న బోల్టుకు లేతు షాపు దాకా తిరగాల్సి వస్తుంది.

కావాలనే హద్దు దాటించే బోల్టులు కూడా ఉన్నాయి. చాలా కార్ల సిలిండర్ హెడ్ బోల్టులను ముందు కొంత టార్క్‌కు బిగించి, అక్కడి నుంచి 90 డిగ్రీలనో, మరో కోణమో తిప్పమంటారు. కోణాన్ని బట్టి తిప్పితే రాపిడి లెక్క తప్పించేది తక్కువ, అన్ని బోల్టులూ దాదాపు ఒకే బలంతో పట్టుకుంటాయి. ఒకసారి హద్దు దాటించిన అలాంటి బోల్టును కంపెనీ మార్చమంటే మార్చాల్సిందే. చూడ్డానికి కొత్తగా ఉందని మళ్లీ వాడితే హెడ్ గ్యాస్కెట్ పోవచ్చు.

సెన్సరు ఏం చెబుతుందన్నది బోల్టు మీద కూడా ఆధారపడుతుంది

మామూలు బోల్టు వదులైతే భాగం కదులుతుంది, నూనె కారుతుంది. సెన్సరు బోల్టు తేడాగా ఉంటే సెన్సరు అబద్ధం చెబుతుంది. మూడు సెన్సర్లను దగ్గరగా చూద్దాం.

మొదటిది క్రాంక్ సెన్సరు. క్రాంక్‌తో పాటు తిరిగే పళ్లచక్రం ఎదురుగా ఒక మిల్లీమీటరు అటూఇటూ ఖాళీతో ఇది కూర్చుంటుంది. చాలా ఇంజిన్లలో ఆ చక్రం మీద 60 పళ్లకు చోటుంటుంది, అందులో రెండు లేకుండా వదిలేస్తారు. ఆ ఖాళీని బట్టి పిస్టన్ ఎక్కడుందో కంప్యూటరు పసిగడుతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెన్సరు ముందు నుంచి సెకనుకు 3,000 పళ్ల చోట్లు దాటిపోతాయి. దీని బోల్టుకు మామూలుగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. వదులుగా ఉంటే అదురుకు ఖాళీ మారుతుంది, సంకేతం తప్పుతుంది, బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెన్సరు ప్లాస్టిక్ చెవిలో చిన్న లోహపు గుల్ల ఉంటుంది, గమనించండి. బోల్టు తల ఒత్తిడిని మోసేది ఆ గుల్లే. ప్లాస్టిక్ మీదే భారం వేస్తే వేడికి అది మెల్లగా నలిగి బిగువు తగ్గిపోతుంది. గుల్ల రాలిపోయిన సెన్సరును ఎంత బిగించినా ఫలితం ఉండదు.

రెండోది నాక్ సెన్సరు. పెట్రోలు వేళకాని వేళ మండి, సిలిండరులో గణగణ చప్పుడు పుడితే వినేది ఇది. దీని లోపల ఒత్తిడి పడితే విద్యుత్తు పుట్టించే పదార్థం ఉంటుంది. 1880లో క్యూరీ సోదరులు గుర్తించిన ధర్మం అదే. మధ్యలో రంధ్రం ఉండే రకాన్ని ఒక ఎం8 బోల్టుతో ఇంజిన్ దిమ్మకు నేరుగా అదిమి పెడతారు. బాష్ కంపెనీ సెన్సరుకు ఇచ్చిన అంకె 20 న్యూటన్ మీటర్లు, 5 అటూఇటూ. కింద వాషరు వేయకూడదు, ఉపరితలం శుభ్రంగా ఉండాలి. వదులుగా ఉంటే ఇంజిన్ అదురు సెన్సరుకు సరిగా చేరదు. మితిమీరి బిగిస్తే లోపలి పదార్థం మీద భారం మారి వినికిడే మారిపోతుంది. కంప్యూటరు లేని చప్పుడును ఉన్నట్టు అనుకుంటే నిప్పురవ్వ వేళను వెనక్కి జరుపుతుంది, బండి బలం తగ్గుతుంది. ఉన్న చప్పుడును వినకపోతే పిస్టన్ దెబ్బతింటుంది.

మూడోది ఆక్సిజన్ సెన్సరు. సైలెన్సరు గొట్టానికి బిగించి ఉంటుంది. కార్లలో ఎక్కువగా 18 మిల్లీమీటర్ల మర, బిగింపు 40 నుంచి 60 న్యూటన్ మీటర్లు. బైకుల్లో మర చిన్నది, అంకె కూడా చిన్నదే. ఇక్కడ సందు ఉంటే రెండు పొగ తరంగాల మధ్య బయటి గాలి లోపలికి చొరబడుతుంది. సెన్సరు ఆ గాలిని చూసి "ఆక్సిజన్ మిగిలిపోతోంది, పెట్రోలు చాలడం లేదు" అని చెబుతుంది. కంప్యూటరు పెట్రోలు పెంచుతుంది. యజమానికి మైలేజీ పడిపోయిందని మాత్రమే తెలుస్తుంది. ఆపై కొత్త సెన్సరు కొంటాడు, ఇంజెక్టరు కడిగిస్తాడు. తప్పు మాత్రం అర తిప్పు బిగువులో ఉంటుంది.

ఇంకో చిన్న సంగతి. ఒకే తీగ ఉన్న వేడి సెన్సర్లకు ఇంజిన్ లోహమే రెండో తీగ. నీళ్ల నల్లాకు చుట్టినట్టు మరకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే ఆ దారి తెగి, మీటరు తప్పు చూపించవచ్చు.

వదులవడం వెనక కారణం

గట్టిగా బిగించినా ఊడుతోందంటే కారణం ఏమిటి? జర్మన్ ఇంజినీరు గెర్హార్డ్ జుంకర్ 1969లో దీనికి జవాబు ప్రచురించాడు. బోల్టు నిలువు దిశలో వచ్చే కుదుపు కంటే అడ్డంగా వచ్చే కుదుపు ప్రమాదకరం. రెండు భాగాలు అడ్డంగా ఒక్క వెంట్రుకవాసి జారినా, మరల మధ్య రాపిడి ఆ క్షణానికి పట్టు వదులుతుంది, బోల్టు దానంతటదే వెనక్కి తిరుగుతుంది. దుక్కిలో అదిరే ట్రాక్టరు ఇంజిన్‌లో ఇలాంటి జారుడుకు కొదవ లేదు. కాబట్టి అసలు రక్ష భాగాలు జారనంత అదుముడు బలమే. అది లేనప్పుడు స్ప్రింగ్ వాషరు వేసినా అడ్డ కుదుపును ఆపలేదని జుంకర్ తరహా పరీక్షల్లో తేలింది. కంపెనీ చెప్పిన చోట మరకు పట్టే జిగురు వాడవచ్చు. గాలి తగలని చోట లోహపు మరల మధ్య గట్టిపడే ఆ జిగురును 1953లో అమెరికా ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ రూపొందించాడు.

వదులైన నట్ల ఖరీదు ఎంతుంటుందో ఇంగ్లండ్‌లోని పాటర్స్ బార్ చూసింది. 2002 మే 10న అక్కడ రైలు పట్టాలు మారే చోట నట్లు వదులై రైలు పట్టాలు తప్పింది. ఏడుగురు చనిపోయారు.

చల్లగా ఉన్నప్పుడే

ఉక్కు వేడికి ఎంత పెరుగుతుందో అల్యూమినియం దానికి దాదాపు రెండింతలు పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర బిగించిన ఇంజిన్ 100 డిగ్రీలకు చేరిందనుకోండి. 5 సెంటీమీటర్ల మందంలో అల్యూమినియం, ఉక్కు కంటే సుమారు 0.04 మిల్లీమీటర్లు ఎక్కువ ఉబ్బుతుంది. బోల్టు మొదట సాగింది 0.1 మిల్లీమీటర్లే అయినప్పుడు ఈ అదనం చిన్నదేం కాదు. హద్దు అంచున బిగించిన బోల్టు వేడెక్కగానే హద్దు దాటేది ఇందుకే. స్పార్క్ ప్లగ్గయినా, సెన్సరయినా ఇంజిన్ చల్లారాక బిగించమని పుస్తకంలో రాసేదీ ఇందుకే.

టార్క్ రెంచి

న్యూయార్క్ నగర నీటి సరఫరా విభాగంలో పనిచేసిన కాన్రాడ్ బార్, నేల కింది గొట్టాల బోల్టులు మితిమీరి బిగిసిపోకుండా 1918లో టార్క్ రెంచిని తయారుచేశాడని చెబుతారు. ఇప్పుడు ఎక్కువగా దొరికేది టక్కుమని చప్పుడు చేసేది. కావలసిన అంకె దగ్గర పిడి తిప్పి పెట్టుకుని లాగితే ఆ బలం చేరగానే టక్కుమంటుంది. అక్కడితో ఆపాలి. "ఇంకోసారి టక్కు" అని మళ్లీ లాగితే లెక్క పోతుంది. పిడిని మధ్యలో పట్టి, కుదుపు లేకుండా మెల్లగా లాగాలి. దాంతో బోల్టులు విప్పకూడదు. పని అయ్యాక అంకెను అన్నిటికంటే కిందికి దించి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు బిగువు తప్పుతుంది. ఏడాదికోసారో, 5,000 బిగింపులకోసారో దాన్ని సరిచూపించుకోవాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. మంచి రెంచి కూడా టార్క్‌నే సరిగా చూపుతుంది. రాపిడిలో తేడాల వల్ల అదుముడు బలం పాతిక, ముప్పై శాతం అటూఇటూ కావచ్చు. మర శుభ్రతకు అంత ప్రాధాన్యం ఉన్నది అందుకే.

రెంచి కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చక్రాల నట్ల కోసం చేసిన పెద్ద రెంచి 10 న్యూటన్ మీటర్ల దగ్గర పనికిరాదు. సెన్సర్లకు 5 నుంచి 25 దాకా కొలిచే చిన్నది వేరుగా ఉండాలి. ఒక భాగానికి చాలా బోల్టులు ఉంటే అన్నిటినీ ముందు చేత్తో తిప్పి, తర్వాత మధ్య నుంచి అంచులకు ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించాలి. మొదటి రెండు మూడు చుట్లు ఎప్పుడూ వేళ్లతోనే తిప్పాలి. వేళ్లకు సాఫీగా దిగని బోల్టు మర అడ్డంగా ఎక్కుతోందని అర్థం, దాన్ని పానాతో బలవంతం చేయకూడదు.

జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారవుతున్నాయి, పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఇప్పటి వాహన కర్మాగారాల్లో ముఖ్యమైన బోల్టులను విద్యుత్ యంత్రాలు బిగించి, ఎంత టార్క్, ఎంత కోణం అన్నది నమోదు చేస్తాయి. ఆ బండి ఊరికి వచ్చి మొదటిసారి విప్పినప్పుడు ఆ శ్రద్ధ అక్కడితో ఆగిపోకూడదు. మన ఊళ్ల మెకానిక్‌లు పనితనంలో ఎవరికీ తీసిపోరు. వారికి కావలసింది చిన్న టార్క్ రెంచి ఒకటి, బండి సర్వీసు పుస్తకంలోని బిగింపు పట్టిక ఒకటి.

బండి యజమానిగా మీరు చేయగలిగేది కూడా ఒకటుంది. ఈసారి షాపుకు వెళ్లినప్పుడు "గట్టిగ బిగియ్యి" అనకండి. "దీనికి ఎంత టార్క్ అన్నా?" అని అడగండి.